కొండ ఊట నీళ్లా, బోరా? 14 కుటుంబాల కోసం సలహా కావాలి

మెట్టపొలం, పర్లాకిమిడి · ఏప్రిల్ 19

అందరికీ నమస్కారం. మేం పద్నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి కాశీనగరం దాటాక, గుణుపురం వెళ్లే రోడ్డుకి తూర్పున, కొండ వార పదకొండు ఎకరాలు కొనుక్కున్నాం. పట్టా భూమే, కాగితాలన్నీ లాయరుకి చూపించాం. మాలో టీచర్లు, నర్సులు ఉన్నారు, సగం మంది రైతులు. ఇళ్లన్నీ ఒక పక్కన దగ్గర దగ్గరగా కట్టుకుని, పొలం, పశువులు, నీళ్లు ఉమ్మడిగా పెట్టుకోవాలని మా ఆలోచన. పిల్లలతో, పెద్దవాళ్లతో కలిపి 58 మందిమి. ఆవులూ గేదెలూ ఇరవై దాకా ఉంటాయి.

పునాదులు తీద్దామనుకునేసరికి నీళ్ల దగ్గర మాట ఆగిపోయింది. సగం మంది బోరు వేసేద్దాం అంటున్నారు. బోరు బండి వాళ్లొచ్చి చూసి, 400 అడుగులు పోతే పడతాయన్నారు. కానీ పక్క పొలంలో ఒక బోరు ఉంది. సంక్రాంతి దాకా నిండుగా పోస్తుంది, ఏప్రిల్ వచ్చేసరికి పది నిమిషాలు పోసి గాలి కక్కుతుంది. ఇప్పుడు అదే పరిస్థితి.

మా స్థలానికి పైన, ఎక్కితే పావుగంట దూరంలో ఒక ఊట ఉంది. రెండు బండల సందులోంచి వస్తుంది, పక్కనే పెద్ద ఏరుమద్ది చెట్టు. ఎంత ఎండాకాలమైనా ఆగిపోలేదని చుట్టుపక్కల వాళ్లందరూ చెప్తారు. దానికి కాస్త దిగువన, పక్కగా, ఒక సవర గిరిజనుల ఊరు ఉంది. ముప్పై ఇళ్లుంటాయి. ఆడవాళ్లు పొద్దున్నే బిందెలతో ఆ ఊట దగ్గరికే వస్తారు. అక్కడి నుంచి మా స్థలానికి పైపు వేస్తే 700 మీటర్లు ఉండొచ్చు, ఎత్తు తేడా ఫోనులో చూస్తే 70 మీటర్లు చూపించింది. కరెంటు అక్కర్లేకుండా నీళ్లు దిగిపోతాయని మావాళ్లు కొందరు సంబరపడుతున్నారు.

నాకున్న టెన్షన్ ఏంటంటే, మేం కొత్తగా వచ్చినవాళ్లం. ఆ ఊరి నీళ్ల మీద చెయ్యి వేసినట్టు కాకూడదు. అలాగని 58 మందికి నీళ్లు లేకుండా ఇళ్లు కట్టలేం. ఇలాంటి పని దగ్గరుండి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, దయచేసి.

గెడ్డవార, గుమ్మ బ్లాకు · ఏప్రిల్ 20

అమ్మా, ముందు ఆ బోరు బండిని ఆపండి. వాన పడేదాకా ఆపితే చాలు, ఆ తర్వాత మీ ఇష్టం. నేను గుమ్మ, సెరంగో, గుణుపురం పక్క కొండ ఊళ్లలో ఊట నీళ్లకి పైపులైన్లు వేసే పనిలోనే ముసలివాణ్ని అయ్యాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

మన కొండల్లో రాయి గట్టి రాయి. పైన పాతిక, ముప్పై అడుగులు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, మెత్తబడి పొడిలా మారిన పొర ఉంటుంది. వాన నీరు దాచుకునేది ఆ పొర. దాని కింద రాయి మొత్తంగా బిగిసిపోయి ఉంటుంది, పగుళ్లు ఉన్నచోటే నీరు. 400 అడుగులు అంటే ఆ లోతులో పగులు తగలాలని మొక్కుకోవడమే. తగిలితే తగిలింది, లేకపోతే రాతిపిండి వస్తుంది, బిల్లు మాత్రం అడుగుల లెక్కనే. మీ పక్క పొలం బోరు కథ విన్నాక నాకు ఇంకా స్పష్టంగా అర్థమైంది. అది పై పొరలో ఉన్న నీళ్లే తాగుతోంది. మాఘం దాకా ఉంటాయి, తర్వాత దిగిపోతాయి. మీరు పక్కనే ఇంకో బోరు వేస్తే అదే నీటిని ఇద్దరూ లాగుతారు. ఆయన మార్చిలోనే ఆగిపోతాడు, మీరూ ఏప్రిల్ దాటరు.

నీళ్ల సంగతి తేలాలంటే ఊటని కొలవాలి. మే నెలాఖరులో, మొదటి వాన పడకముందు కొలవండి. వానాకాలంలో కొలిస్తే ప్రతి ఊటా గొప్పగానే కనిపిస్తుంది. పదిహేను లీటర్ల బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. ఊట కళ్లు నాలుగైదు ఉంటాయి, నీరు చెల్లాచెదురుగా పోతుంది. చుట్టూ బంకమట్టి పెట్టి ఒక దారికి తిప్పండి. అరటి డొప్ప గానీ, సగానికి చీల్చిన వెదురు గానీ ఆ దారిలో గుచ్చితే నీరు ధారగా బకెట్లో పడుతుంది. బకెట్ నిండడానికి ఎంతసేపు పట్టిందో మూడు నాలుగు సార్లు రాసుకోండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. మధ్యాహ్నం కొంచెం తగ్గుతుంది, చెట్లు తాగుతాయి.

కొలవడానికి మీరొక్కరే వెళ్లొద్దు. ఆ ఊరి పెద్దలకి ముందు చెప్పి, వాళ్ల మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు ఊట దగ్గర గోతులు తవ్వుతున్నారు, టేపు పట్టుకుని కొలుస్తున్నారు అంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఇంకో సంగతి, సవరలకి నీళ్ల గురించి మనం నేర్పేదేం లేదు. పుట్టసింగి వైపు ఎప్పుడైనా వెళ్తే వాళ్ల మెట్ల పొలాలు చూడండి. ఏటవాలు కొండ మీద సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి గోడ కట్టి, పై మడిలో నీరు కింది మడికి మట్టి కోసుకుపోకుండా దిగేలా చేస్తారు. ఏ మడి నిండాక ఏ మడికి వదలాలో వాళ్లకి తెలుసు. కూర్చోబెట్టి అడిగితే ఆ ఊట ఏ ఏడాది ఎంత సన్నబడిందో వాళ్లే చెప్తారు, ఏ పుస్తకంలోనూ దొరకదు.

కొలత పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

నాగావళి, రాయగడ · ఏప్రిల్ 20

గెడ్డవార గారూ, మీ అనుభవాన్ని తీసిపారెయ్యను గానీ బోరు వద్దనడం నాకు నచ్చలేదు. ఊట నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి. మా జిల్లాలో కాశీపురం వైపు 2007లో, మళ్లీ 2022 జులైలో కలరా వచ్చింది. మనుషులు పోయారు. మొదటి వానలకి కొండ మీద ఉన్న మలం, పేడ అంతా ఊటల్లోకి, గెడ్డల్లోకి, అంటే కొండ వాగుల్లోకి దిగుతుంది. కేసింగ్ సరిగ్గా వేసిన బోరులో ఆ బాధ తక్కువ. సోలార్ మోటారు పెట్టుకుంటే కరెంటు బిల్లు కూడా ఉండదు. పిల్లలున్న కుటుంబాలకి ఊట నీళ్లు తాగించమని సలహా ఇవ్వడానికి నాకు మనసు ఒప్పదు.

గెడ్డవార, గుమ్మ బ్లాకు · ఏప్రిల్ 21

నాగావళి గారూ, మీరు చెప్పింది నిజం. అందుకే ఊట నీళ్లు నేరుగా తాగించాలని నేను అననే లేదు. ఊటకి మూత, కంచె, పైన కాలవ, ట్యాంకులో బ్లీచింగ్, ఇవి లేకుండా ఒక్క కుళాయి కూడా తిప్పకూడదు. వివరంగా చెప్తాను. బోరు కూడా అసలే వద్దని కాదు. ఒక చేతి పంపు ఉండాలి, తుపానులో పైపు కొట్టుకుపోతే అదే దిక్కు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో రోడ్లే లేకుండా పోయాయి, పైపులు ఎంత. చేతి పంపు లాగే నీరు కొంచెమే కాబట్టి పక్క రైతు బోరుకి దెబ్బ తగలదు. నేను వద్దంటున్నది మోటారు పెట్టి 58 మందికీ, ఇరవై పశువులకీ, కూరగాయల మడులకీ ఆ ఒక్క కన్నంలోంచే లాగడం.

పెంకుటిల్లు, బరంపురం · ఏప్రిల్ 22

ఊట, బోరు అని ఇద్దరూ వాదించుకుంటున్నారు గానీ ఇంటి కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేడమ్, మీరు ఇంకా ఇళ్లు కట్టలేదు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల కప్పు అంటే 93 చదరపు మీటర్లు. మన పక్క ఏడాదికి 1200 మిల్లీమీటర్లు వేసుకున్నా, చిందినవీ ఆవిరైనవీ పోను ఒక్కో ఇంటికి 85,000 లీటర్ల పైనే.

అంత దాచడం ఎవరివల్లా కాదు, మన వాన జూన్ నుంచి అక్టోబరు మధ్యలోనే పడిపోతుంది. నేను మా ఇంట్లో చేసింది ఏంటంటే, కప్పు నీళ్లని తాగడానికీ వంటకీ మాత్రం ఉంచుకున్నా. మనిషికి రోజుకి ఐదు లీటర్లు, నలుగురికి ఇరవై, నవంబరు నుంచి మే దాకా ఏడు నెలలకి 4,200 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకు, వెలుగు లోపలికి పోని నల్లది, నీడలో పెడితే సరిపోతుంది. సీజన్‌లో మొదటి రెండు మూడు వానల నీళ్లు పూర్తిగా వదిలేయాలి. తర్వాత కూడా ప్రతి వానకీ మొదట దిగే వంద లీటర్లు వేరే డ్రమ్ములోకి పోయేలా పైపు తిప్పుకోవాలి. పక్షుల రెట్టలు, ఆకులు, దుమ్ము అంతా అందులోనే ఉంటుంది. కప్పు మీద చెట్టు కొమ్మలు వాలకుండా చూసుకోండి. నాగావళి గారి భయానికి కూడా ఇది కొంత జవాబు. కలరా రోజుల్లో తాగే నీళ్లు మీ కప్పు మీద నుంచి వచ్చినవే అయితే, కాచుకుని తాగితే, కొండ మీద ఏం జరిగినా మీ పిల్లల పొట్టల దాకా రాదు.

స్నానాల గదుల నీళ్లు మురుగు కాలవలోకి వదలొద్దు. కంకర నింపిన గుంత, అందులో మెట్టతామర మొక్కలు, దాని తర్వాత అరటి. వంటింటి నీళ్లకి ముందు జిడ్డు పట్టే చిన్న తొట్టి పెట్టాలి, లేకపోతే కంకర నెలల్లోనే పూడుకుపోతుంది.

మెట్టపొలం, పర్లాకిమిడి · మే 29

ఆలస్యమైంది, అందరూ మన్నించాలి. గెడ్డవార బాబాయి గారూ, మీరు చెప్పినట్టే ముందు ఊళ్లోకి వెళ్లాం. మాతో ఇద్దరు ఆడవాళ్లూ, ఒక పెద్దాయనా వచ్చారు. బంకమట్టి పెట్టడం మాకు చేతకాలేదు, ఆ పెద్దాయనే కాసేపట్లో ధార కట్టేశారు. బకెట్ నిండడానికి ఒకసారి 48 సెకన్లు, ఒకసారి 52, మిగతావి ఆ మధ్యలోనే. మధ్యాహ్నం 55 దాకా వెళ్లింది.

పెద్దాయన ఒక మాట అన్నారు. ఆయన చిన్నప్పుడు నీరు ఇప్పుడున్న చోటు కంటే పైన, ఇంకో బండ దగ్గర కూడా వచ్చేదట. కొండ పై భాగంలో అడవి కొట్టి జీడి తోట వేశాక ఆ పై కన్ను ఎండిపోయిందన్నారు. నీళ్లు ఇవ్వడం ఇవ్వకపోవడం గురించి మేమూ అడగలేదు, వాళ్లూ అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం ఒకావిడ, "మీ పైపు లావుగా వేస్తారా?" అని అడిగింది. ఆ ప్రశ్న నా మనసులోంచి పోవడం లేదు.

గెడ్డవార, గుమ్మ బ్లాకు · మే 30

ఆ అమ్మ అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి జవాబు పైపు సైజులో లేదు, ట్యాంకులో ఉంది. చెప్తాను.

లెక్క చూద్దాం. పదిహేను లీటర్లు 50 సెకన్లకి అంటే నిమిషానికి 18 లీటర్లు, గంటకి 1,080, రాత్రీ పగలూ కలిపి 26,000 లీటర్లు. ఏడాదిలో నీరు అతి తక్కువగా ఉండే రోజుల్లో ఇది. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. ఆ ఊళ్లో 140 మంది ఉన్నారనుకుంటే 7,700. మీకు 3,200, పశువులకి వెయ్యి. మొత్తం 12,000. ఇంకా 14,000 లీటర్లు గెడ్డలో పారతాయి. అవి పారాలి కూడా. దిగువన వాళ్ల మడులున్నాయి, పశువులున్నాయి, పక్షులున్నాయి. సగానికి మించి ఊటలోంచి తీయకూడదని మొదటి రోజే రాసుకోండి. పొలానికి ఈ నీళ్లు వద్దు. పొలానికి ఒక నేల బావి, వానకి నిండే ఒక కుంట చాలు. రబీలో వరి మాట ఎత్తకుండా చోడి, కంది, పెసర వేసుకోండి.

ఇప్పుడు ట్యాంకు. ఊట నుంచి పైపు ముందు వాళ్ల ఊరికి పోవాలి, మీకు కాదు. అక్కడ పది వేల లీటర్ల సిమెంటు ట్యాంకు కట్టండి, ఖర్చు మీది, పని ఇద్దరిదీ. ఆ ట్యాంకుకి వాళ్ల ఊరి కుళాయిల పైపు అడుగున పెట్టండి. మీ పైపు సగం ఎత్తుకి పైన పెట్టండి. ఊట బాగా ఉన్నప్పుడు ఇద్దరికీ నీళ్లు. ఊట తగ్గిందనుకోండి, ట్యాంకులో నీరు సగానికి దిగగానే మీ పైపు దానంతట అదే ఆగిపోతుంది, వాళ్లది ఆగదు. కాపలా మనిషి అక్కర్లేదు, వాల్వ్ ఎవరు తిప్పారన్న గొడవ రాదు. ఎవరి హక్కు ముందో ఆ సిమెంటు గోడలోనే రాసి ఉంటుంది. రెండు కన్నాలూ చూపించి ఆ అమ్మకి ఈ మాట చెప్పండి, అర్థమవుతుంది.

వాళ్ల ఊళ్లో కుళాయిలు కూడా అందరి ఇళ్లకీ ఉండాలి. బరంపురం దగ్గర మోహుదాలో ఉన్న గ్రామ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1992 నుంచి కొండ ఊళ్లలో నీళ్లు, మరుగుదొడ్లు పెట్టించారు. వాళ్ల షరతు ఒకటే, ఊళ్లో ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరూ చేరితేనే పని మొదలవుతుంది. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున మూలధనం వేయించేవారు, బీదవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు ఎక్కువ. ఆ సొమ్ము బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో రేపు కొత్తగా వేరుపడే కుటుంబానికి కనెక్షన్ ఇస్తారు. మీ పద్నాలుగు ఇళ్లకీ, వాళ్ల ముప్పై ఇళ్లకీ కలిపి ఒకటే కమిటీ పెట్టుకోండి. అందులో సగానికి పైగా వాళ్ల ఆడవాళ్లు ఉండాలి, బిందె మోసేది వాళ్లే.

స్థలం అడవి శాఖదా అన్నది కూడా ముందే చూసుకోండి. అటవీ హక్కుల చట్టం 2006లో తాగునీటి పైపులైన్లకి వీలుంది, హెక్టారు లోపు స్థలానికి, గ్రామసభ సిఫారసు చేస్తే. కానీ అది ప్రభుత్వం నడిపే పనులకి. అందుకే దరఖాస్తు ఆ ఊరి గ్రామసభ పేరున, పంచాయతీ ద్వారా వెళ్లాలి. మీ పద్నాలుగు మంది పేర్లతో కాదు.

ఇక ఊట పెట్టె, అంటే ఊట కన్ను దగ్గర కట్టే మూత ఉన్న తొట్టి. దీన్ని తొందరపడి కట్టేవాళ్లే ఎక్కువ. ఊట కన్నుని గడ్డపారతో పెద్దది చేయకూడదు, బాంబు మాట అసలే ఎత్తకూడదు. రాయి కదిలితే నీరు వేరే దారి చూసుకుంటుంది. చేత్తో ఆకులు, బురద తీసి, గట్టి రాయి కనిపించేదాకా శుభ్రం చేయండి. వెనక రాళ్లూ కంకరా పేర్చి, ముందు గోడ కట్టి, పైన మూత. బయటికి పోయే పైపు, ఎక్కువైన నీరు పోయే పైపు రెండూ ఊట కన్ను కంటే కిందే ఉండాలి. పెట్టెలో నీరు కన్ను దాటి పైకి లేచి నిలబడితే వెనక్కి నొక్కుతుంది, ఊట పక్కకి తప్పుకుంటుంది. తప్పుకున్న ఊటని వెనక్కి తేవడం నేను ఎక్కడా చూడలేదు. ప్రతి పైపు మూతికీ సన్న జాలీ బిగించండి, కప్పలు, ఎలకలు దూరతాయి. గోడ అడుగున పీతలు బొరియలు చేస్తాయి, ఏడాదికోసారి బంకమట్టి కుక్కాలి. పెట్టెకి ఎగువన ముప్పై అడుగుల్లో పశువు అడుగు పెట్టకుండా ముళ్ల కంచె, ఆ కంచెకి ఎగువన వాననీటిని పక్కకి తిప్పే కాలవ. నాగావళి గారు చెప్పిన కలరా లోపలికి రాకుండా ఆపేది ఈ కాలవా కంచే.

పైపు 32 ఎంఎం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌ది చాలు, మీ ఎత్తుకి అదే ఎక్కువ. పది మీటర్ల ఎత్తుకి ఒక కేజీ ఒత్తిడి. ఆరు కేజీల పైపు 60 మీటర్లు ఆపుతుంది, మీ 70 మీటర్లకి అది చాలదు. ఎనిమిది కేజీలది వేయండి, లేదా మధ్యలో చిన్న తొట్టి కట్టి ఒత్తిడి విరగ్గొట్టండి. రెండడుగుల లోతున పాతండి. మాఘ, ఫాల్గుణాల్లో పోడు మంటలు పెడతారు, పైకి తేలిన పైపు కొవ్వొత్తిలా కరిగిపోతుంది. దారిలో దిబ్బలు ఎక్కిన చోటల్లా గాలి చేరి నీరు ఆగుతుంది, అక్కడ ఎయిర్ వాల్వ్. పల్లంలో మట్టి కడగడానికి వాషౌట్. మీ కింది ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ పెట్టండి. ట్యాంకు నిండగానే మూసుకుంటుంది, మిగిలిన నీరు పైనే పొర్లి గెడ్డలోకి పోతుంది. మీ దగ్గర పొర్లిపోతే అది వాళ్ల నీళ్లు మీరు పారబోసినట్టే.

పెద్దాయన చెప్పిన జీడి తోట మాటని తేలిగ్గా తీసుకోకండి. రాయగడ, కలహండి జిల్లాల్లో ఉన్న నియమగిరి కొండల సంగతి తెలిసిందే కదా. పైన చదునుగా ఉండే బాక్సైట్ పొర వాన నీటిని పీల్చుకుని ఏడాదంతా వదులుతుంది, వంశధారకి నీళ్లిచ్చే వాగులు కొన్ని అక్కడివే. 2013లో 12 గ్రామసభలు గని వద్దని తీర్మానించడానికి అక్కడి డోంగ్రియా కోందు గిరిజనులకి దేవుడూ నీళ్లూ ఒకటే కావడం కూడా కారణం. మీ కొండ మీద అంత పొర లేకపోవచ్చు, పని మాత్రం అదే. అడవి కింద ఆకు మగ్గి మెత్తగా ఉన్న నేల వానని ఆపుతుంది. జీడి కింద నేల ఊడ్చి శుభ్రంగా ఉంచుతారు, నీరు పైపైనే జారిపోతుంది. ఆ తోట ఎవరిదో కనుక్కుని, చెట్ల మధ్య ఆకు ఊడ్చొద్దని బతిమాలండి. వాలు తక్కువగా ఉన్న చోట రెండడుగుల లోతు, పది పన్నెండు అడుగుల పొడవు కందకాలు, ఒక వరస ఖాళీకి కింది వరస ఎదురొచ్చేలా తవ్వండి. నిట్ట వాలు మీద మాత్రం తవ్వొద్దు. తిత్లీ రోజున మా జిల్లాలో బారఘర దగ్గర కొండ విరిగిపడి ప్రాణాలు పోయాయి, వదులు మట్టిలో నీరు నింపితే కొండే కిందికొస్తుంది. అక్కడ వెదురు, నేరేడు, ఇప్ప నాటి వదిలేయండి. నీలగిరి వద్దు.

చెరువుగట్టు, దెగ్లూరు · మే 31

మేం నాందేడ్ జిల్లా వాళ్లం, మా దిక్కు వాన మీకంటే చాలా తక్కువ. మా మహారాష్ట్రలో హివరే బజార్ అనే ఊరు పేరు వినే ఉంటారు. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయినంక ఊరంతా కలిసి, సాగుకు బోర్లు వేయొద్దని నియమం పెట్టుకున్నరు. ఏటా వానలు అయిపోగానే గ్రామసభలో ఎంత వాన పడ్డది, భూమిలో ఎంత నీళ్లున్నయి అని లెక్క చూసి, ఏ పంటలు వేయాలో అప్పుడు చెప్తరు. తాగే నీళ్లు, పశువుల నీళ్లు ముందు తీసిపెట్టి మిగిలినవే పంటకు. మీ రెండు ఊళ్లు కలిసి నవంబరులో ఒకసారి ఊట కొలిచి ఇట్లనే కూర్చుంటే మంచిది. మే నెలలో కూర్చుంటే తిట్టుకోవడానికే సరిపోతది.

మెట్టపొలం, పర్లాకిమిడి · జూన్ 16

నిన్న ఊళ్లో కూర్చున్నాం. రెండు కన్నాల ట్యాంకు బొమ్మ నేల మీద గీసి చూపించాం. పైపు లావు గురించి అడిగినావిడే ముందుగా, "మాది అడుగునా?" అని రెండుసార్లు అడిగి, తలూపింది. వాళ్లు రెండు షరతులు పెట్టారు. ఊట పక్కన వాళ్లు ఏటా కోడిని కోసి పూజ చేసే రాయి ఉంది, పెట్టె కట్టేటప్పుడు దాన్ని కదపకూడదు. ట్యాంకు కడిగే పని వాళ్ల కుర్రాళ్లకి ఇచ్చి కూలి మేం ఇవ్వాలి. రెండింటికీ ఒప్పుకున్నాం. బోరు వేద్దామన్న మావాళ్లు కూడా చేతి పంపుతో సరిపెట్టుకున్నారు. పెంకుటిల్లు గారు చెప్పిన ట్యాంకులు ఇళ్ల ప్లానులో కలిపేశాం.

బాబాయి గారూ, బ్లీచింగ్ ఎంత వేయాలి, నీళ్లు బాగున్నాయో లేదో ఊళ్లోవాళ్లే చూసుకునే దారి ఏదైనా ఉందా?

గెడ్డవార, గుమ్మ బ్లాకు · జూన్ 17

చాలా సంతోషం అమ్మా. ఆ రాయిని కంచె లోపల ఉండేలా చూడండి, వాళ్లకి మాత్రం గేటు పెట్టండి. కోడిని కోయడం ఊటకి దిగువన జరిగేలా వాళ్లనే అడగండి.

వెయ్యి లీటర్లకి మంచి బ్లీచింగ్ పొడి రెండున్నర గ్రాములు, అంటే నిండిన పది వేల లీటర్ల ట్యాంకుకి పాతిక గ్రాములు. నేరుగా చల్లకండి. ప్లాస్టిక్ బకెట్లో కలిపి పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుగుకి దిగుతుంది, పైన తేరిన నీళ్లు మాత్రం ట్యాంకులో పోయండి. గంట ఆగాక కుళాయి తిప్పాలి. చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, రంగు చూసి చెప్పే చిన్న డబ్బా దొరుకుతుంది. పొడి డబ్బా మూత బిగించి నీడలో ఉంచండి, గాలి తగిలితే నెలలోనే బలం పోతుంది.

మలం కలిసిందో లేదో చూడ్డానికి హెచ్‌టూఎస్ సీసాలు ఉంటాయి, బ్లాకులో నీటి సరఫరా వాళ్లని అడగండి. బ్లీచింగ్ వేయకముందు ఊట పెట్టెలో నీళ్లే పట్టాలి. గీత దాకా నింపి ఇంట్లో వెచ్చగా ఉన్నచోట పెడితే, నీళ్లలో దోషం ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. వాన మొదలైన వారంలో ఒకసారి, దసరా ముందు ఒకసారి, మే నెలలో ఒకసారి చూస్తే చాలు. ఊళ్లో బడి పిల్లలకి ఇవ్వండి ఆ పని, సీసా నల్లబడితే ముందు వాళ్లే పరిగెత్తుకొచ్చి చెప్తారు. నీరు ఎర్రగా, మట్టిగా దిగిన రోజున పెట్టె దగ్గర వాల్వ్ మూసి, వాషౌట్ తెరిచి, తేట పడ్డాకే మళ్లీ ట్యాంకుకి వదలండి.

ఇప్పుడు వానలు వచ్చేశాయి కాబట్టి పెట్టె పని ముట్టుకోకండి, దీపావళి దాటాక మొదలుపెట్టండి. ఈ నాలుగు నెలలూ కందకాలు, మొక్కలు, గ్రామసభ కాగితం చూసుకోండి. పెట్టె కట్టే రోజు ముందుగా చెప్తే నేను వస్తాను, గుమ్మ నుంచి ఎంత దూరం.